ఆదివారం ఫోను

సెల్‌ఫోన్లు ఆపెయ్యమని మైకులో చెప్పినప్పుడు హాల్లో అందరూ బుద్ధిగా ఆపేశారు. సత్యశ్రీ ఆపలేదు. గుప్పిట్లో పెట్టుకుని, ఆ గుప్పిటిని కొంగు కింద పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు తెర వైపు చూస్తూ కూర్చుంది. ఆదివారం సాయంత్రం ఫోను ఆపుకోవడమంటే ఆకలేసినవాడు విస్తరి ముందు కూర్చుని చేతులు కట్టుకోవడమే. తణుకులో నాన్న పేకాటకని క్లబ్బుకి బయల్దేరతారు, ఆయన స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగాక అమ్మ ఫోను తీస్తుంది, ఆయన తిరిగొచ్చేలోపు పెట్టేస్తుంది, ఆ మధ్యలో ఉన్న కాస్త సేపే సత్యశ్రీకి పుట్టిల్లు. ఇవాళ అమ్మకి చెప్పడానికి ఒక మంచి కబురు కూడా ఉంటుంది. అమ్మా, సినిమా అయిపోయింది, చూశాను, బాగుంది, మురళి సీడీ పట్టుకుని మనింటికి వస్తాడు, నాన్నగారి పక్కన కూర్చుని నువ్వూ చూడు. ఇంతే చెప్పాలి, ఆటోలో వస్తూ ఆ మాటలే నాలుగైదు రకాలుగా అనుకుంది. ఒళ్ళో సంచి ఉంది, సంచిలో చెల్లెలు పూజిత పెళ్ళి జాకెట్టు ఉంది. దాన్ని ఇంట్లో వదిలి రాబుద్ధి కాలేదు, తనని చేరదీసిన లోవలక్ష్మమ్మ ఇంట్లో పిల్లులెక్కువ, పట్టు మీద పడుకోవడమంటే వాటికి మహా ఇష్టం. వెనక వరసలో కూర్చుంది. ముందు కూర్చుంటే వెనకవాళ్ళకి సినిమా తన వీపు మీదే ఆడుతుందని ఇన్నేళ్ళలో బాగానే తెలిసొచ్చింది. పక్క కుర్చీలో కాలేజీ పిల్ల తనని ఒకసారి పైనుంచి కిందికి చూసి, చూసినందుకు తనే సిగ్గుపడి, విసనకర్రలా ఊపుకుంటున్న కార్యక్రమం కాగితం ఈమె చేతిలో పెట్టేసింది. పోటీ పేరు 'మన మధ్యే ఉన్నవాళ్ళు'. ఎంత మంచి పేరు పెట్టారో అనుకుంది సత్యశ్రీ, రాజమండ్రిలో ఇలాంటి పోటీ పెడతారని తను కలలో కూడా అనుకోలేదు.

మొదటి సినిమా ఎవరో విశాఖపట్నం పిల్లలు తీసింది, నర్సింగ్ హాస్టల్లో ఇద్దరమ్మాయిలు ఒకే గొడుగు కింద నడుస్తారు, నడుస్తూనే ఉంటారు, కథ అంతే. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకెవరో దగ్గారు. పక్క పిల్ల మాత్రం కళ్ళు తుడుచుకుంది. ఆ చీకట్లో దూరంగా బ్రిడ్జి మీద రైలు వెళుతున్న చప్పుడు, గోదావరి మీంచి గాలి, పైన ఫాను రెక్క ఒకటి కొట్టుకుంటున్న టకటక. రైలు చప్పుడు వింటే నిడదవోలు గుర్తొస్తుంది, నిడదవోలు అంటే మురళీకృష్ణ. వాడక్కడ పెళ్ళిళ్ళకి వీడియో తీసి, పాటలూ హృదయాల బొమ్మలూ అతికించి క్యాసెట్లు చేసే మిక్సింగ్ గది నడుపుతాడు. ఇంటర్లో తనకి జత. జత అంటే ఊరికే జత కాదు. ఏడాది కిందట మగ్గం వర్కు కోసమని పెళ్ళాన్ని వెంటబెట్టుకుని రాజమండ్రి వచ్చి, గుమ్మంలో సత్యశ్రీని చూసి, గుర్తుపట్టనట్టు నటించి, మర్నాడు ఒక్కడే వచ్చాడు. నీ కథ తీస్తానే అన్నాడు. సినిమా పేరే 'సత్యశ్రీ' అని పెడతానన్నాడు. సీడీ నేనే తణుకు తీసుకెళ్ళి మీ నాన్నగారి ముందు పెడతాను, ఆయన రాయి కాదు కదా, చూశాక పూజిత పెళ్ళికి నిన్ను రావద్దంటే నన్నడుగు అన్నాడు. ఆ ఒక్క మాటకే ఒప్పుకుంది. లోవలక్ష్మమ్మ వద్దంది, కెమెరావాళ్ళని నమ్మకే, వాళ్ళు మనల్ని చూడరు, బొమ్మ పడిందా లేదా చూస్తారు అంది. ముసల్దానికి అందరి మీదా అనుమానమే అనుకుంది సత్యశ్రీ. ఇంకా మిక్సింగ్ అవలేదు, వచ్చే నెలకి చూద్దువు అని మురళి మొన్న కూడా ఫోన్లో అన్నాడు. నిన్న కేబుల్ టీవీలో కింద పాకుతున్న అక్షరాల్లో వాడి పేరు చూసి, హడావిడిలో చెప్పడం మర్చిపోయుంటాడు, పాపం పనిలో మునిగితే వాడికి ఒళ్ళు తెలీదు అని తనే సర్దిచెప్పుకుని వచ్చింది. మనిషిని నమ్మాక అన్నిటికీ మనమే జవాబులు వెతికి పెడతాం.

తెర మీద అక్షరాలు పడ్డాయి. 'ఒక గణేష్ కథ'. మళ్ళీ చదివింది, అదే. గణేష్‌బాబు, తనకి అమ్మా నాన్నా పెట్టిన పేరు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే చెవి దగ్గర ఈగ వాలినట్టుంటుంది, ఆ సంగతి మురళికి తెలుసు, మూడ్రోజులు టేపు రికార్డరు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆ సంగతే ముందు చెప్పింది. సరే, జనానికి అర్థం కావాలని పెట్టుంటాడు. చేతులు కనిపించాయి. మగ్గానికి బిగించిన పట్టు గుడ్డ మీద సూది పైకీ కిందకీ పోతోంది, జరీ పువ్వొకటి విచ్చుకుంటోంది. తన చేతులే, ఎడమ బొటనవేలి మీద మచ్చతో సహా. తెర నిండా అంత పెద్దగా. గుండె ఒక్కసారి పొంగింది. అయితే చేతుల నుంచి కెమెరా పైకి జరిగేసరికి మొహం ఇంకెవరిదో. నాటకాల్లో హాస్యం వేషాలేసే బుల్లిరాజు, విగ్గు పెట్టుకుని, పెదవులకి రంగు పూసుకుని, కొంగు పళ్ళతో కొరుకుతూ. హాలు నవ్వింది. తన మొహం ఏమైంది, కాలవ గట్టున ఒక రోజంతా ఎండలో నిలబెట్టి తీశాడే, అవన్నీ ఏమయ్యాయి. చేతులు తనవి, సిగ్గు బుల్లిరాజుది. తను ఎప్పుడు కొంగు కొరికింది, కొంగు కొరకడానికి తీరికేది.

కుట్టు తనకి ఎవరూ నేర్పలేదు. పదో తరగతి సెలవుల్లో పక్కింటి అమ్మాయిలు అల్లుతుంటే చూసి క్రోషియా పట్టింది, మొదట అల్లింది హాల్లో టెలిఫోనుకి కవరు. తెల్ల దారం, అంచున నీలం పువ్వులు, ఒక మూల లెక్క తప్పి పువ్వొకటి ఎక్కువొచ్చింది. అమ్మ మురిసిపోయి ఫోను మీద కప్పింది. నాన్నకి ఎరువుల కొట్టు, నలుగురిలో మాట పోకూడదు, ఆయన దాన్ని చూసి ఎవరల్లారే అంటే పూజిత అల్లిందండీ అంది అమ్మ. పూజితకి అప్పుడు జడ వేసుకోవడం కూడా రాదు. అమ్మ తన కోసం చెప్పిన మొదటి అబద్ధం అదే అనుకుంటా, ఎంత తియ్యగా అనిపించిందో. తన కోసం అబద్ధమాడే మనిషి తనతో కూడా ఆడగలదని అప్పుడు తట్టలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు తట్టాలి, ఏం మాట ఇది, అమ్మ మీద ఇలాంటి ఆలోచనేంటి. తెర మీద బుల్లిరాజు అద్దం ముందు బొట్టు పెట్టుకుంటున్నాడు, వెనక వీణ వాయిస్తున్నారు.

మిక్సింగ్ గది వచ్చింది. నిజం గదే, మురళిదే, ఆ నీలం తలుపే. సత్యశ్రీ సంచిని దగ్గరికి లాక్కుంది. ఇంట్లోంచి వచ్చెయ్యక ముందు ఒక మధ్యాహ్నం తను అమ్మది గంధం రంగు చీర సంచిలో పెట్టుకుని నిడదవోలు వెళ్ళింది. మురళి కుచ్చిళ్ళు సర్దాడు, కెమెరాని స్టాండుకి బిగించాడు, ముందు తనని తీశాడు, తర్వాత కెమెరాని తిరగనిచ్చి తనూ వచ్చి పక్కన నిలబడ్డాడు. చెంప మీద చెయ్యి వేశాడు. ముద్దు పెట్టుకున్నాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని ఆ టేపు మళ్ళీ మళ్ళీ తిప్పుకుని చూసుకున్నారు, తెరలో ఉన్న ఆ ఇద్దరూ ఎంత బాగున్నారో అని వాడే అన్నాడు. తలుపు తోసుకుని నాన్న వచ్చేసరికి టేపు తిరుగుతూనే ఉంది. ఆడంగి వెధవా అని తన జుట్టే పట్టుకున్నారు నాన్న. మురళి టేపు ఆపాడు, పెట్టెలో పెట్టాడు, మూత వేశాడు, తేలు కుట్టిన దొంగలా గోడ వైపు తిరిగాడు. నేను కూడా అని ఒక్కమాట అనలేదు. ఆ ఒక్కమాట అంటే దెబ్బలు సగమయ్యేవి కావు, తనకి తెలుసు, సిగ్గు మాత్రం సగమయ్యేది. తెర మీద ఇప్పుడు స్నేహితుడి వేషం వేసిన కుర్రాడు తండ్రికి అడ్డం నిలబడ్డాడు. కొడితే నన్ను కొట్టండి, వాడి తప్పేముంది, అది దేవుడు చేసిన తప్పు అంటున్నాడు. హాల్లో చప్పట్లు. చప్పట్లు కొడుతున్నారు వాడికి. చీకట్లో ముందు వరసలో ఎక్కడో కూర్చుని వాడు ఆ చప్పట్లు తీసుకుంటున్నాడు. టేపులో ఇద్దరున్నారు, సినిమాలో ఒక్కత్తే మిగిలింది, రెండోవాడు కడిగిన ముత్యంలా బయటికొచ్చేశాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. దాటించింది తనే, టేపు రికార్డరు ముందు కూర్చుని, జ్ఞాపకాలన్నీ వాడి చేతిలో పోసి మరీ.

ఫోను ఒకసారి చూసుకుంది. ఇంకా లేదు. పోనీలే, అమ్మకి ఈ ముక్క చెప్పక్కర్లేదు, నాన్న చూసేది ఈ అబద్ధమే అయినా మనసు కరిగితే చాలు, పెళ్ళికి రానిస్తే చాలు. పెద్ద చేపని పట్టాలంటే ఎరలో కాస్త పిండి కలపరూ. తను ఇల్లు విడిచాక మొదట్లో అమ్మ ఫోన్లో ఏడ్చేది, తర్వాత కూరల ధరలు చెప్పేది, తర్వాత నవ్వడం కూడా మొదలెట్టింది. ఎప్పుడూ నాన్నా అనే పిలిచేది, తిన్నావా నాన్నా, ఒంట్లో ఎలా ఉంది నాన్నా. పోయిన ఉగాదికి మాత్రం ఫోను పెట్టేస్తూ ఉంటాను తల్లీ అంది. నోరుజారి అందో, సాధన చేసి అందో అడగలేదు, అడిగితే వెనక్కి తీసుకుంటుందేమోనని భయం. ఆ రాత్రి లోవలక్ష్మమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడిస్తే, దీనికే ఇంత ఏడిస్తే ఆవిడ రేపు చీర పెడితే చచ్చిపోతావా ఏంటి అని ముసల్ది వెక్కిరించింది. తను ఫోనెత్తేసరికి అమ్మకెప్పుడూ ఆయాసం. ఏంటమ్మా ఆ ఎగశ్వాస అంటే, ఏం లేదు, స్టూలెక్కి దిగాను, బూజు దులిపాను అంటుంది. అమ్మ పొట్టి మనిషి, గోడ మీద ఏది అందాలన్నా స్టూలే గతి. ప్రతి ఆదివారం బూజేనా అమ్మా, మనింట్లో సాలీళ్ళు కాపురం పెట్టాయా అని తను నవ్వేది. నీ ఫోటో హాల్లోనే ఉంది, ఫోనుకి సరిగ్గా పైన, దాన్ని చూస్తూనే నీతో మాట్లాడతాను అనేది అమ్మ. పూజితకి సంబంధాలు చూస్తున్నాం, కుదిరాక నాన్నని ఎలాగోలా ఒప్పిస్తాను, నువ్వు లేకుండా దాని పెళ్ళి జరగనిస్తానా అనేది. కొలతలు అమ్మే చెప్పింది, వంకాయ రంగు చీర అనుకుంటున్నామని రంగు కూడా చెప్పింది. వీపు మీద రెండు నెమళ్ళు, చేతుల మీద తీగలు, తీగల్లో ముత్యాలు, కళ్ళు మంటలెత్తేదాకా కుట్టింది. కిందటేడు మాఘమాసం వెళ్ళాక, చేతులు మోచేతి దాకానా, పొట్టివా అనడిగితే తొందరేం లేదులే, నిదానంగా కుట్టుకో అంది అమ్మ. ఎంత నిదానంగా అంది.

బుల్లిరాజు గోదారి మెట్లు దిగుతున్నాడు. ఒక్కొక్క మెట్టూ నెమ్మదిగా. సత్యశ్రీకి నవ్వొచ్చింది, ఇదేంట్రా, నేనెప్పుడు దిగాను అలాగ, ఆ మెట్ల మీద రోజూ బట్టలుతుకుతాను గదా. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. చెప్పులు మాత్రం ఒడ్డున మిగిలాయి. చంపేశాడు. ఓరి నీ దుంపతెగ, నన్ను చంపేశాడు. పక్క పిల్ల ముక్కు చీదుతోంది. బతికి, పని నేర్చుకుని, అద్దె కట్టుకుని, పిల్లుల చేత తిట్లు తింటూ తిరుగుతున్న మనిషిని నీళ్ళలో కలిపితే గానీ జనం ఏడవరని వాడికి ఎవరు చెప్పారో. కోపం వస్తుందేమో అని చూసుకుంది, రాలేదు, ఇంకా సినిమాయే కదా అనిపించింది.

అప్పుడు గోడ వచ్చింది. లేతాకుపచ్చ సున్నం గోడ, స్విచ్చి బోర్డు పక్కన పెచ్చు ఊడిన చోటు గోదావరి పటంలా ఉంటుంది, చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి పాయలన్నీ లెక్కబెట్టేది. మూడు ఫోటోలు, తాతయ్య, నాయనమ్మ, మూడోది ఇంటర్లో తీయించిన తనది, గీతల చొక్కా, అప్పుడే వస్తున్న మీసం. మూడిటికీ గంధపు చెక్క దండలు. తన దానికి కూడా. నుదుట కుంకుమ బొట్టు, అద్దం మీద. ఫోటో కింద బల్ల, బల్ల మీద టెలిఫోను, టెలిఫోను మీద తెల్ల క్రోషియా కవరు, నీలం పువ్వులు, ఒక మూల ఒకటెక్కువ. ఇది సినిమా కోసం తీసిన సీను కాదు. ఒక పెళ్ళికూతురు నడిచొచ్చింది, బాసికం, బుగ్గన చుక్క, ఎర్ర జాకెట్టు. ముందు తాతయ్యకీ నాయనమ్మకీ, తర్వాత అన్నయ్యకి, వంగి దణ్ణం పెట్టింది. పీటల మీద కూర్చోబోయే ముందు పోయిన పెద్దల దీవెన తీసుకోవడం, ఏ పెళ్ళి క్యాసెట్లోనైనా మొదట ఉండే ముక్క అదే. పూజిత చిక్కిపోయింది. కాటుక కొంచెం చెదిరింది, ఎవరూ సర్దలేదేమిటి. పక్కన కొత్తవాళ్ళు, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కాబోలు, అయ్యో పాపం అన్నట్టు మొహాలు పెట్టుకుని నిలబడ్డారు. అమ్మ అంచున సగమే కనబడింది, పట్టు చీర, చేతిలో హారతి పళ్ళెం. అమ్మాయిగారూ, ఇంకొక్కసారి వంగండి, లైటు పడలేదు. ఆ మాట తెర మీద వినపడలేదు గానీ సత్యశ్రీకి వినపడింది, వాడు ప్రతి పెళ్ళిలోనూ అంటాడు, అది వాడి ఊతపదం. అని ఉంటాడు. పూజిత మళ్ళీ వంగి ఉంటుంది. వాడు ఆ ఇంట్లో భోజనం చేసి, తాంబూలం తీసుకుని, వచ్చి తన ముందు టేపు రికార్డరు పెట్టుకుని కూర్చుని, పూజిత పెళ్ళికి నిన్ను రావద్దంటే నన్నడుగు అన్నాడు. పెళ్ళి క్యాసెట్లో ముక్క కోసి తన కథకి తోకగా అతికించుకున్నాడు. పోనీ, ఆ చొక్కా పిల్లాడు నిజంగానే లేడు కదా, గణేష్‌బాబుకేగా దండ వేశారు, నీకేం అని ఒక్క క్షణం తనకి తనే చెప్పుకుని చూసింది. చెల్లలేదు. తల్లీ అని పిలిచిన నోరు ఆ దండ కిందే ఉంది. ఒళ్ళో జాకెట్టు బరువు ఇప్పుడు తెలుస్తోంది, ముత్యాలన్నీ రాళ్ళయినట్టు.

లైట్లు వేశారు. కార్యదర్శి బంగార్రాజు గారు జేబురుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ మైకు దగ్గరకొచ్చారు. మంచి మనిషి. దండ పడిన ఫోటోని చూసిన వాళ్ళెవరైనా చేసే పనే ఆయన చేశారు. ఇది కల్పన కాదనీ, చివర్లో మనం చూసిన ఆ ఫోటోలోని బిడ్డ మన గోదావరి బిడ్డేననీ, మనందరం కలిసి పోగొట్టుకున్నామనీ చెప్పి, దయచేసి లేచి ఒక్క నిమిషం మౌనం పాటిద్దామన్నారు. మురళీకృష్ణ ఆయన పక్కనే ఉన్నాడు. కొత్త చొక్కా. తల ఎత్తి హాలంతా ఒకసారి చూశాడు, వెనక వరస దాకా చూశాడు. అక్కడ ఆగాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. బంగార్రాజు గారూ, పొరపాటండీ అనడానికి ఎంతసేపు పడుతుంది. సత్యశ్రీ ఎదురుచూసింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఇంత చూశాక కూడా, వాడు నోరు తెరుస్తాడని ఎదురుచూసింది. వాడు చేతులు కట్టుకుని తల దించుకున్నాడు, మౌనంలో అందరికంటే ముందు వాడే మునిగాడు. కుర్చీలు కిర్రుమన్నాయి, హాలు హాలంతా లేచి నిలబడింది. పక్క పిల్ల వంగి చెవిలో చెప్పింది.

"లేవండీ. చనిపోయినవాళ్ళ కోసం."

లేవలేదు. లేస్తే ఒప్పుకున్నట్టే. అందరి నడుముల మధ్య కూర్చుంటే ఏమీ కనబడటం లేదు, ఫాను టకటక ఒక్కటే. అప్పుడు గుప్పిట్లో ఫోను మోగింది. ఆ మౌనంలో ఎంత గట్టిగా మోగిందంటే ముందు వరసల్లో తలలన్నీ తిరిగాయి. ఎవరో ఉష్ అన్నారు. తణుకు నంబరు. ఎత్తింది.

అవతల ఎప్పటిలాగే ఆయాసం. ఏం చేస్తున్నావు నాన్నా అంటోంది అమ్మ.

"అమ్మా, పూజిత ఎర్ర జాకెట్టు వేసుకుందేంటి? వంకాయ రంగు అన్నావు కదా."

అవతల గోడ గడియారం వినిపిస్తోంది. ఎవరు చెప్పారు అని అడిగింది అమ్మ. ఎవరూ చెప్పలేదు, చూశాను, అది దణ్ణం పెడుతుంటే చూశాను, దండ కూడా చూశాను అంది సత్యశ్రీ. గొంతు తగ్గించుకోవాలని తోచలేదు. అది మీ నాన్నగారు తెచ్చారు అంది అమ్మ, పెళ్ళికొడుకు వాళ్ళకి అబ్బాయి పోయాడని చెప్పేశారు, నన్నడిగి చెప్పారా, ఒకసారి చెప్పాక పిల్ల కాపురం కదా. ఆ తర్వాత మాటలు తడిసిపోయాయి.

"నీకు ఫోను చేసేముందు తీసేస్తాను తల్లీ. ప్రతి ఆదివారం. స్టూలెక్కి తీసి, టీవీ మీద పెట్టి అప్పుడు చేస్తాను. దాన్ని చూస్తూ నీతో మాట్లాడలేను."

బూజు. ఇన్నాళ్ళ బూజూ అదన్నమాట. సాలీళ్ళు కాపురం పెట్టాయా అని తను నవ్వినప్పుడల్లా అమ్మ కూడా నవ్వింది. తల్లీ అని ఎంత సులువుగా వచ్చేసిందో ఆ పిలుపు, సాధన చేసిందే అయ్యుంటుంది. ఉగాదికి ఆ పిలుపు విని ఏడ్చినంత ఏడుపు ఇప్పుడు రాలేదు.

"ఇప్పుడు తీసే ఉందా?"

తీసే ఉంది.

"అయితే ఇంక వెయ్యకమ్మా."

గడియారం కొట్టుకుంటోంది. మధ్యలో అమ్మ ఊపిరి. సత్యశ్రీ కళ్ళు మూసుకుని ఆ గదంతా చూసింది, లేతాకుపచ్చ గోడ, దండ లేని ఫోటో, టీవీ మీద దండ, పక్కన స్టూలు. అమ్మకీ స్టూలుకీ మధ్య ఒక్క అడుగు. అమ్మ ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే అక్కడే నిలబడితే చాలు.

"మీ నాన్నగారు వచ్చే వేళయింది. ఉంటాను తల్లీ."

ఫోను ఆగిపోయింది. హాల్లో ఎవరూ కదల్లేదు. మౌనం నిమిషం ఎప్పుడో దాటిపోయినట్టుంది, దాన్ని ముగించాల్సిన బంగార్రాజు గారు కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని వెనక వరసకేసే చూస్తున్నారు. పక్క పిల్ల ఈమె మొహం చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సత్యశ్రీ ఫోను సంచిలో వేసి, జాకెట్టు నలక్కుండా సర్ది, కూర్చున్నచోటి నుంచే చెప్పింది.

"కూర్చోండి. మీరు కూడా కూర్చోండి బంగార్రాజు గారూ. నేనెక్కడికీ పోలేదు."

ముందు పక్క పిల్ల కూర్చుంది. తర్వాత ఆ వరస, తర్వాత ముందు వరసలు, ఒక్కొక్కరే, ఎవరి మొహాలు వాళ్ళు దాచుకుంటూ. కుర్చీల చప్పుడు సద్దుమణిగాక స్టేజి మీద మురళీకృష్ణ ఒక్కడే నిలబడి ఉన్నాడు, చేతులు ఇంకా కట్టుకునే ఉన్నాయి. సత్యశ్రీ వాడి వైపు చూడలేదు. తణుకులో ఈపాటికి అమ్మ స్టూలెక్కి ఉంటుంది.